లెక్కలంటే బెదిరే బిడ్డకు ఇంట్లో ఏ పుస్తకంతో చెప్పాలి?

మా పాప ఏడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం 502 లోంచి 178 తీసెయ్యమన్నాను. 476 అని రాసింది. ఎలా చేశావో చెప్పమ్మా అంటే చెప్పింది: "ఐదులో ఒకటి పోతే నాలుగు. సున్నా, ఏడు... ఏడు. రెండు, ఎనిమిది... ఆరు." ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసింది. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడలేదు. మూడో తరగతిలో అర్థం కావాల్సిన స్థాన విలువ తనకు అర్థం కాలేదు. నాలుగేళ్లుగా ఎవరూ గమనించలేదు, నేను కూడా. అదే వారం బడిలో వాళ్లకు సమీకరణాలు చెబుతున్నారు.

తర్వాత ఏడాదిన్నర పాటు అనంతపురంలో మా ఇంట్లోనే తనకు లెక్కలు చెప్పాను. ఇప్పుడు మా వీధిలోగానీ బంధువుల్లోగానీ ఎవరి పిల్లలకైనా లెక్కలు రాకపోతే నన్ను అడిగే మొదటి మాట "ఏ పుస్తకం కొన్నావక్కా?" అని. దానికి నా దగ్గర జవాబుంది. కానీ ఆ ప్రశ్న దాకా రావడానికి ముందు తేల్చుకోవాల్సినవి నాలుగున్నాయి. అవి తేలకుండా కొన్న పుస్తకం అల్మరాలోకే పోతుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయసులో ఉండి లెక్కల్లో బాగా వెనకబడిన పిల్లల తల్లిదండ్రుల కోసం, నేను నడిచిన వరుసలోనే ఇది రాస్తున్నాను.

మొదట: బిడ్డ ఎటు వెళ్లాలో అనుకోండి

బడికి పంపుతూనే సాయంత్రాలు ఇంట్లో పునాది నుంచి మళ్లీ చెప్పడం ఒక దారి. బడి మాన్పించి పూర్తిగా ఇంట్లోనే చెప్పడం ఇంకో దారి. రెండో దారి పట్టేవాళ్లు పదో తరగతి పరీక్ష ఎక్కడ రాయిస్తారో ముందే అనుకోవాలి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్‌లో గానీ, మన రాష్ట్ర ఓపెన్ స్కూల్లో గానీ 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేరవచ్చు. అంతకంటే చిన్నవాళ్లకు ఎన్‌ఐఓఎస్‌లో ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది. అందులో సి స్థాయి ఎనిమిదో తరగతికి సమానం. కొన్నాళ్లకు మళ్లీ బడిలో వేద్దామనుకుంటే, 2009 విద్యా హక్కు చట్టం 14 ఏళ్ల లోపు బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని చెబుతోంది.

ఎన్‌ఐఓఎస్ పదో తరగతిలో లెక్కలు తప్పనిసరి కాదు. అది వినగానే చాలామంది హమ్మయ్య అనుకుంటారు. తొందరపడొద్దని నా మాట. ఇంటర్లో ఎంపీసీకి, పాలిటెక్నిక్‌కి పదిలో లెక్కలు కావాలి. బ్యాంకు పరీక్షలో, కానిస్టేబుల్ పరీక్షలో కూడా లెక్కలుంటాయి. పన్నెండేళ్ల బిడ్డ తరఫున ఆ దారులన్నీ ఇప్పుడే మూసేసే హక్కు మనకు లేదు.

రెండోది: ఎక్కడ తెగిందో చూడండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదువుతానంటే ఇదే చదవండి.

తరగతి పుస్తకం పక్కన పెట్టి తెల్లకాగితం తీసుకోండి. కింద చెప్పే లెక్కలు ఒక్కొక్కటే ఇవ్వండి. టైం పెట్టొద్దు. తప్పు చేసినా దిద్దొద్దు, ముఖం కూడా మార్చొద్దు. "ఎలా చేశావు?" అని మాత్రం ప్రతిదానికీ అడిగి, బిడ్డ చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకోండి. ఒప్పు వచ్చినదానికి కూడా అడగాలి. తప్పు పద్ధతిలో చేసినా ఒక్కోసారి ఒప్పు జవాబు వస్తుంది.

మొదటిది 502 − 178. జవాబు 324. మా పాపలా 476 వస్తే అప్పు తీసుకోవడం అంటే ఏమిటో, వందను విడదీసి పదులు చేయడం అంటే ఏమిటో తెలియదన్నమాట.

రెండోది 8 + 4 = □ + 5. చాలామంది పిల్లలు గడిలో 12 రాస్తారు. రావాల్సింది 7. 12 రాసిన బిడ్డకు సమానం గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి" అని అర్థం. తక్కెడలో రెండు పక్కలా బరువు ఒకటే ఉండాలన్న సంగతి ఆ గుర్తులో ఉందని తెలియదు. అది తెలియని బిడ్డకు సమీకరణాలు ఎన్ని నెలలు చెప్పినా పక్షాంతరం చేస్తే, అంటే ఒక సంఖ్యను సమానం గుర్తు అవతలి పక్కకు తీసుకెళ్తే, దాని ముందున్న గుర్తు ఎందుకు మారుతుందో అర్థం కాదు. బట్టీ పడుతుంది, పరీక్ష అయ్యాక మర్చిపోతుంది.

మూడోది 7 × 8. వెంటనే చెప్పిందా, ఏడో ఎక్కం మొదటి నుంచి చదువుకుంటూ వచ్చిందా, వేళ్ల మీద కూడుకుందా అన్నది చూడండి. ఈ మూడూ మూడు వేర్వేరు స్థితులు.

తర్వాత 936 ÷ 9. జవాబు 104. 14 వస్తే మధ్యలో సున్నా జారిపోయింది. ఇది మళ్లీ స్థాన విలువ సమస్యే, భాగహారం సమస్యలా కనిపిస్తుంది అంతే.

భిన్నాలకు 1/2 + 1/3 ఇవ్వండి. 2/5 అని రాస్తే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడింది. అప్పుడు ఒక్క మాట అడగండి: "అరకు ఇంకాస్త కలిపితే అరకంటే ఎక్కువ రావాలా, తక్కువ రావాలా? మరి ఐదింట రెండు అరకంటే ఎక్కువా తక్కువా?" బిడ్డ ఆగి ఆలోచనలో పడిందంటే మంచి గుర్తు, భిన్నం ఎంత ఉంటుందో ఊహ ఉంది, పద్ధతే రాలేదు. అర్థం కానట్టు చూస్తే భిన్నం అనేది తనకు ఒకదాని కింద ఒకటి రాసిన రెండు అంకెలే. అలాంటప్పుడు ఐదో తరగతి భిన్నాల దగ్గర మొదలుపెట్టాలి.

0.35, 0.4 ఈ రెండింట్లో ఏది పెద్దదో అడగండి. 35 పెద్దది కాబట్టి 0.35 అనే పిల్లలు చాలామంది. −7 + 3 ఇస్తే −10 వస్తుందేమో చూడండి, రావాల్సింది −4. చివరగా ఒక మాటల లెక్క: 40 కిలోల శెనక్కాయల మూట ఒలిస్తే నూటికి 70 వంతున పప్పు వస్తుంది, పప్పు ఎన్ని కిలోలు? 28 కిలోలు. మన ఇళ్లలో పిల్లలు ఈ లెక్కను కొన్నిసార్లు కాగితం లేకుండానే దగ్గర దగ్గరగా చెప్పేస్తారు. అదే శాతం గుర్తుతో ఇస్తే చేయలేరు. ఆ తేడాను తప్పకుండా రాసుకోండి, బిడ్డకు బుద్ధి ఎంత ఉందో, బడి లెక్క ఎక్కడ దూరమైందో అక్కడ తెలుస్తుంది.

ఒక తప్పు కనిపించగానే నిర్ణయానికి రావొద్దు. ప్రతి రకానికీ మూడేసి లెక్కలివ్వండి. పొరపాటైతే మూడింట్లో ఒకసారి వస్తుంది. అర్థం కాకపోతే మూడుసార్లూ అదే తప్పు వస్తుంది. వరసలో ఎక్కడ మూడూ తప్పయ్యాయో, అదే మీ పాఠ్యక్రమం మొదలయ్యే చోటు. బిడ్డ చదివే తరగతి నంబరుకు దాంతో పని లేదు.

మూడోది: లెక్క రాలేదా, ఇంగ్లీషు రాలేదా?

మన ప్రాంతంలో ఈ పరీక్ష చేయకుండా పుస్తకం కొనకూడదు. ఐదో తరగతి దాకా తెలుగులో ఆలోచించిన పిల్లలు ఒక్కసారిగా ఇంగ్లీషు మాటల లెక్కల్లో పడతారు. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండేలా వేస్తున్నారు. దాన్నే పరీక్షగా వాడుకోవచ్చు. ఒక మాటల లెక్కను ఇంగ్లీషు పేజీలో చేయించండి. రాకపోతే తెలుగు పేజీ చూపించండి. అప్పుడూ రాకపోతే మాటలు తీసేసి అంకెలు మాత్రమే ఇవ్వండి. తెలుగులో చూడగానే చేసేసిందంటే ఆ బిడ్డకు కొత్త లెక్కల పుస్తకం అక్కర్లేదు, రోజుకు నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్పితే చాలు. అంకెలిస్తేనే చేసిందంటే కష్టం చదివి అర్థం చేసుకోవడంలో ఉంది. అంకెలకు కూడా రాలేదంటేనే అది లెక్కల సమస్య.

రెండు ఉదాహరణలు చెబుతాను. ఇంగ్లీషులో "ఫైవ్ లెస్ దాన్ ఎక్స్" అంటే మా పాప విన్న వరుసలోనే ముందు 5 రాసి, అందులోంచి ఎక్స్ తీసేసేది. తెలుగులో "ఎక్స్ కంటే 5 తక్కువ" అని చదివితే ముందు ఎక్స్ రాసి దాంట్లోంచి 5 తీసింది. మన వాక్యంలో మాటల వరుస, లెక్క వరుస ఒకటే. రెండోది భిన్నం. "త్రీ బై ఫోర్" అంటే వినిపించేది రెండు అంకెలు. "నాలుగింట మూడు" అంటే నాలుగు భాగాలు చెయ్యి, అందులో మూడు తీసుకో అని ఆ మాటలోనే ఉంది. బడిలో ఇంగ్లీషు మీడియమైనా సరే, ఇంట్లో భిన్నాలు చెప్పేటప్పుడు నేను తెలుగు మాటే ముందు వాడతాను. లవం, హారం బాగా అర్థమయ్యాక న్యూమరేటర్, డినామినేటర్ అని పేర్లు చెబుతాను.

నాలుగోది: ఏ నడక సరిపోతుంది?

లెక్కల పాఠ్యక్రమాలు నడిచే తీరు ముఖ్యంగా రెండు. ఒక రకంలో ఒకే అంశం పట్టుకుని, అది బాగా వచ్చేదాకా వారాల తరబడి దాని మీదే ఉంటారు. ఇంకో రకంలో రోజుకు కొంచెం కొత్తది చెప్పి, పాతవన్నీ కలిపి మళ్లీ మళ్లీ చేయిస్తారు. ఇంటి చదువు ఎక్కువగా ఉన్న అమెరికాలో తల్లులు దీని గురించి ఏళ్లుగా వాదించుకుంటారు. అక్కడ మ్యాథ్ యూ సీ మొదటి రకం. సాక్సన్ మ్యాథ్ రెండో రకం, ప్రతి పాఠంలో కొత్త అంశం చిన్నదిగా ఉండి, పాత అంశాల కలగలుపు లెక్కలు ఎక్కువగా ఉంటాయి.

వెనకబడిన బిడ్డకు నా సలహా: తెగిన చోట మొదటి రకం, దైనందిన అభ్యాసంలో రెండో రకం. భిన్నాలు రాని బిడ్డను ఈరోజు భిన్నాలు, రేపు కోణాలు, ఎల్లుండి శాతాలు అని తిప్పితే ఏదీ నిలవదు. అలాగని ఆరు వారాలు భిన్నాలే చేయిస్తే తీసివేత మళ్లీ మర్చిపోతుంది. అందుకని పాఠం ఒకే అంశం మీద, చివర ఐదు లెక్కలు పాతవాటి నుంచి. ఈ కలగలుపు ఉన్న పుస్తకం దొరికితే సరే. దొరకకపోతే ఆ ఐదు లెక్కలు మనమే రాసివ్వాలి, పది నిమిషాల పని.

ఐదోది: దొరికే పుస్తకాలు

ప్రభుత్వ పాఠ్యపుస్తకాలతోనే మొదలుపెట్టండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌లను దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే వీడియోలు కూడా వస్తాయి. ఏడో తరగతి బిడ్డ నాలుగో తరగతి దగ్గర ఆగి ఉంటే నాలుగు, ఐదు తరగతుల పుస్తకాల్లో కావాల్సిన అధ్యాయాలు మాత్రమే తీసుకుని ప్రింట్ తీయించండి. పుస్తకం మొత్తం చేయించాల్సిన పని లేదు. రెండు భాషలూ ఉండడం వీటి పెద్ద బలం. లోటు ఏమిటంటే, ఒక్కో అంశానికి అభ్యాసం లెక్కలు వెనకబడిన బిడ్డకు చాలవు. మనం కలపాలి.

ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు గణిత ప్రకాశ్ అనే కొత్త పుస్తకాలు ఆరో తరగతికి 2024లో, ఏడు ఎనిమిది తరగతులకు 2025లో తెచ్చారు. నమూనాలు కనిపెట్టడం, పజిళ్లు, ఆలోచింపజేసే ప్రశ్నలు బాగున్నాయి. ఆరో తరగతి పుస్తకంలో రుణ సంఖ్యలను నేల కింద కూడా అంతస్తులున్న భవనంలో లిఫ్ట్‌తో చెబుతారు. మంచి ఆలోచన. కానీ మా పాప అప్పటికి లిఫ్ట్ ఎక్కింది రెండు మూడు సార్లే. నేను దాన్ని బోరుబావికి మార్చాను. నేల మట్టం సున్నా. నీళ్లు 320 అడుగుల లోతులో ఉన్నాయి, అంటే −320. మోటారు 400 అడుగుల్లో దించారు, అంటే −400. మోటారు పైన ఎన్ని అడుగుల నీళ్లున్నాయి? −320 − (−400) = 80. రుణంలోంచి రుణం తీసేస్తే కూడిక ఎందుకవుతుందో నేను చెప్పకముందే తనకు తెలిసిపోయింది. వాళ్ల నాయన పొలంలో బోరు వేయించినప్పుడు ఇంట్లో ఎన్ని రోజులు ఆ అడుగుల మాటలే నడిచాయో తనకు గుర్తుంది. ఈ కొత్త పుస్తకాలు పునాది బాగున్న పిల్లలకు ఎక్కువ పనికొస్తాయి, వెనకబడిన బిడ్డకు వారానికి ఒకరోజు పజిల్ కోసం వాడుకుంటే చాలు. ప్రధాన పుస్తకంగా పెట్టుకుంటే అభ్యాసం చాలదు.

బొమ్మలతో, వస్తువులతో చెప్పడానికి సింగపూర్ పద్ధతి నాకు బాగా నచ్చింది. 1980ల నుంచి ఆ దేశం బడుల్లో నడుస్తున్న వరుస అది: ముందు చేత్తో పట్టుకునే వస్తువు, తర్వాత దాని బొమ్మ, ఆ తర్వాతే అంకెలు, గుర్తులు. మాటల లెక్కలను పొడుగాటి పట్టీల బొమ్మలుగా గీసే పద్ధతి దాంట్లోదే. ఆ పుస్తకాలు కొనకపోయినా ఆ వరుసను ఏ పుస్తకానికైనా పెట్టుకోవచ్చు.

విదేశీ సెట్లు కొనేవాళ్లకు ఒక మాట. నేను మొదట్లో తొందరపడి ఒక ఖరీదైన సెట్ తెప్పించాను. అందులో డాలర్లు, సెంట్లు, అంగుళాలు, ఔన్సులు. ఒక్కో లెక్కకు ముందు ఆ మాటలు వివరించడానికే మా టైమంతా పోయింది. అవి మంచి పుస్తకాలే, మా బిడ్డకు మాత్రం ఇంకో భారమయ్యాయి. ప్రింట్ తీసుకునే పుస్తకాలు కావాలనుకుంటే మ్యాథ్ మామత్‌లో ఒక్కో అంశానికి విడి పుస్తకాలు దొరుకుతాయి, భిన్నాలు ఒక్కటే కావాలంటే అదొక్కటే తీసుకోవచ్చు. ఏ స్థాయిలో మొదలుపెట్టాలో చూసుకునే పరీక్షలు వాళ్లు ఉచితంగా ఇస్తారు. వాటిని చూసుకుని కొనండి. ఇంగ్లీషు ఇబ్బంది లేని బిడ్డకు ఖాన్ అకాడమీ ఉచితంగా ఉంది, కింది తరగతి అంశాలతో సిద్ధం చేసే కోర్సులు కూడా ఉన్నాయి. కానీ వెనకబడిన బిడ్డను ఫోన్ ఇచ్చి ఒంటరిగా కూర్చోబెట్టొద్దు. పక్కన కాగితం, పెన్సిల్, మీరు ఉండాలి.

తల్లిదండ్రులు చదువుకోవడానికి మంచిది ఒకటి చెబుతాను. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం, మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్ల గణిత కేంద్రం కలిసి తెచ్చే అట్ రైట్ యాంగిల్స్ పత్రిక ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. దాంట్లో చిన్న తరగతుల అంశాలను వస్తువులతో ఎలా చెప్పాలో వివరించే పేజీలు నాకు చాలా సాయం చేశాయి.

ఇంకొకటి, చిన్న సంగతే కానీ మా ఇంట్లో చాలా పని చేసింది. మ్యాథ్ యూ సీ పుస్తకాల మీద తరగతి నంబరు ఉండదు, ఆల్ఫా, బీటా, గామా అని గ్రీకు అక్షరాల పేర్లుంటాయి. ఎందుకో నాకు మా పాపను చూశాకే అర్థమైంది. పన్నెండేళ్ల పిల్ల చేతిలో నాలుగో తరగతి పుస్తకం పెడితే, చెల్లెలు చూస్తుందని దాన్ని దిండు కింద దాచింది. మరుసటి రోజు ప్రింట్ తీయించిన పేజీలన్నింటికీ బ్రౌన్ పేపర్ అట్ట వేసి, పైన "నా లెక్కల పుస్తకం – 1" అని తన చేతనే రాయించాను. ఆ తర్వాత అది దిండు కిందకు పోలేదు.

ఆరోది: రెండు వారాలు వాడి చూడండి

పుస్తకం మొత్తం తిరగేసి ఎంచుకోవడం కష్టం. బిడ్డ ఆగిన అంశం ఒక్కటి తీసుకోండి, భిన్నాల కూడిక అనుకుందాం. రెండు పుస్తకాల్లో ఆ అధ్యాయం మాత్రం పక్కపక్కన పెట్టుకోండి. సూత్రం చెప్పకముందు బొమ్మ ఉందా? చేసి చూపించిన లెక్కలు కనీసం మూడున్నాయా, వాటిలో ప్రతి మెట్టూ రాశారా లేక మధ్యలో రెండు మెట్లు ఎగ్గొట్టారా? పేజీకి ఎన్ని లెక్కలున్నాయి? నలభై లెక్కలు కిక్కిరిసిన పేజీ చూడగానే భయపడే బిడ్డకు టెన్షన్ మొదలవుతుంది. వెనక జవాబులున్నాయా? జవాబులు లేని పుస్తకం మనకు పని పెంచుతుంది. మనకు అర్థమయ్యేలా ఉందా? ఇది అడగడానికి మొహమాటపడొద్దు. నేను పది పాసయ్యి ఇరవై ఏళ్లు దాటింది, క.సా.గు. ఎలా చేయాలో నేనే మళ్లీ నేర్చుకున్నాను. రేపు చెప్పబోయే పాఠం ఈ రాత్రి మనం చేసుకోవాలి. మనం అలా చేసుకోలేని పుస్తకం ఎంత గొప్పదైనా మన ఇంటికి సరిపోదు.

మొదటి వారం ఒక పుస్తకం, రెండో వారం ఇంకోటి. ప్రతి రోజూ చివర రెండే రాసుకోండి: ఎన్ని నిమిషాలు ఏడవకుండా, విసుక్కోకుండా కూర్చుంది, సాయం లేకుండా ఎన్ని చేసింది. రెండు వారాల తర్వాత ఏది ఉంచాలో ఆ కాగితమే చెబుతుంది. ఎంచుకున్నాక ఆరు వారాలు మార్చొద్దు. ఎవరో ఫలానాది బాగుందన్నారని పుస్తకం మారిస్తే బిడ్డ మళ్లీ మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాల్సి వస్తుంది. ఇప్పటికే ఎన్నోసార్లు ఓడిపోయానని అనుకుంటున్న బిడ్డకు అది ఇంకో ఓటమిలా ఉంటుంది.

ఏడోది: రోజుకు నలభై నిమిషాలు

మా ఇంట్లో ఇలా నడిచింది. ఐదు నిమిషాలు ఎక్కాలు, ఇరవై నిమిషాలు కొత్త పాఠం, పది నిమిషాలు అభ్యాసం, చివరి ఐదు నిమిషాలు పాత లెక్కలు. నలభై నిమిషాలు కాగానే లెక్క సగంలో ఉన్నా మూసేశాం. మొదట్లో నాకే మనసొప్పేది కాదు, ఇంకొక్కటి ఇంకొక్కటి అని గంటన్నర కూర్చోబెట్టేదాన్ని. మరుసటి రోజు పుస్తకం తీయడానికే రాలేదు.

ఎక్కాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పెద్ద పిల్లలకు రెండో ఎక్కం నుంచి మళ్లీ అప్పజెప్పమంటే చిన్నతనంగా ఉంటుంది. పది ఎక్కాలూ కలిపి నూరు గుణకారాలు. వాటిలో 1, 2, 5, 10 ఎక్కాలు దాదాపు అందరికీ వస్తాయి. మిగిలేవి 3, 4, 6, 7, 8, 9 ఎక్కాల్లో అవే అంకెల మధ్య గుణకారాలు. 7 × 8, 8 × 7 ఒకటే కాబట్టి అవన్నీ కలిపితే 21 మాత్రమే. ఆ 21 చిన్న చీటీల మీద రాశాను. వచ్చినవి ఒక డబ్బాలో, రానివి ఒక డబ్బాలో. రోజుకు రెండు చీటీలు. తొమ్మిదివి పదిలోంచి ఒకటి తీసి చేయడం నేర్పాను: 9 × 7 అంటే 70 లోంచి 7 తీస్తే 63. రాని డబ్బా ఖాళీ కావడం తన కళ్లతో చూసుకోవడం మా పాపకు ఎంతో ధైర్యమిచ్చింది.

భిన్నాలకు పాత క్యాలెండర్ కాగితాన్ని ఒకే పొడుగున్న పట్టీలుగా కత్తిరించండి. ఒక పట్టీని రెండు మడతలు, ఒకదాన్ని మూడు, ఇంకోదాన్ని ఆరు. అర పట్టీ మీద ఆరు మడతల పట్టీ పెడితే మూడు గడులు వస్తాయి. మూడింట ఒకటి మీద పెడితే రెండు. మూడూ రెండూ ఐదు, ఆరింట ఐదు. కింద అంకెలు ఎందుకు కూడకూడదో, ఆరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు బిడ్డే చెబుతుంది. ఓళిగలు కోసి భిన్నాలు చెప్పడం పండగ రోజు బాగుంటుంది, మా జేజి అలాగే చెప్పేది. కానీ నాలుగింట ఐదు లాంటివి వచ్చేసరికి ఓళిగతో చిక్కు, పట్టీ అయితే పక్కన ఇంకో పట్టీ పెట్టి సంఖ్యారేఖ దాకా తీసుకుపోవచ్చు.

దశాంశాలకు మా ఇంట్లో టేపు పట్టుకున్నాం. చీర 5.5 మీటర్లు, జాకెట్ ముక్క 0.8 మీటరు, మొత్తం 6.3. టేపు మీద 0.35 మీటరు, 0.4 మీటరు వేలితో చూపించమన్నాను. 35 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు. ఏది పెద్దదో మళ్లీ అడగాల్సిన పని రాలేదు.

ఎనిమిదోది: పుస్తకం మార్చినా కదలకపోతే

మంచి పుస్తకం, రోజూ అభ్యాసం, మూడు నెలలు. అయినా ఐదు వేళ్లు చూపిస్తే లెక్కపెట్టకుండా ఎన్నో చెప్పలేకపోవడం, 43, 34 తారుమారు కావడం, నిన్న బాగా వచ్చినది ఈరోజు పూర్తిగా పోవడం, గడియారం చూడలేకపోవడం కనిపిస్తే అది బద్ధకం అనుకోవద్దు. లెక్కలకు సంబంధించిన నేర్చుకునే ఇబ్బంది, డిస్‌కాల్క్యులియా, కావచ్చు. నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి, నిర్ధారణ అయితే పరీక్షల్లో సడలింపులు అడగవచ్చు. ముందు కంటి చూపు, వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత జిల్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పిల్లల విభాగంలో అడగండి. మండలాల్లో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద నడిచే భవిత కేంద్రాల్లోని ప్రత్యేక ఉపాధ్యాయులు కూడా దారి చూపగలరు. ఈ విషయంలో ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అన్న భయంతో సంవత్సరాలు పోగొట్టుకున్న తల్లులను చూశాను. దయచేసి ఆలస్యం చేయొద్దు.

తొమ్మిదోది: ఆరు వారాలకోసారి అదే కాగితం

రెండో భాగంలో చెప్పిన లెక్కలనే అంకెలు మార్చి మళ్లీ ఇవ్వండి. పాత కాగితం పక్కన పెట్టి బిడ్డకే చూపించండి. ఏది ఒప్పయిందో, ఏది ఇంకా మిగిలిందో తనే టిక్కులు పెట్టుకోవాలి. దాన్ని బట్టే తర్వాతి ఆరు వారాల అధ్యాయాలు తీసుకోండి. బడికి పంపుతున్న వాళ్లు ఈ రెండు కాగితాలు లెక్కల సారుకు చూపించండి. "మా పాప వెనకబడింది" అని చెప్పే బదులు "మా పాపకు అప్పు తీసుకోవడం వచ్చింది, హారాలు వేరైతే కూడడం రాలేదు" అని చెబితే సారు కూడా సాయం చేయగలుగుతారు.

మొదటి ఆరు వారాల తర్వాత మా పాపకు 604 − 287 ఇచ్చాను. 317 అని రాసి, నేను అడగకుండానే పక్కన 317 కి 287 కూడి 604 వచ్చిందో లేదో చూసుకుంది. భిన్నాలది, దశాంశాలది ఇంకా తప్పే. ఆ రెంటికీ ఎర్ర పెన్నుతో తనే చుట్టూ గీసి, "రేపు వీటితో మొదలుపెడదామా అమ్మా?" అంది. ఆ రాత్రి ఐదో తరగతి పుస్తకంలో భిన్నాల పేజీలు ప్రింట్‌కి ఇచ్చి వచ్చాను, అట్ట మీద "నా లెక్కల పుస్తకం – 2" అని తను రాసుకుంది.